దుర్గ ఏడవనన్న విందు

పోయిన నెల మా పై ఫ్లాట్‌లోకి వరంగల్ కుర్రాడొకడు దిగాడు. మాస్టర్స్ చదవడానికి ఇంగ్లండు వచ్చి వారం కాలేదు, కుక్కర్ లేదు, మొహమాటపడుతూ తలుపు కొట్టి అడిగాడు. మా అమ్మ కుక్కర్‌తో పాటు బియ్యం, కందిపప్పు, జీపీ అనే పేట డాక్టరు దగ్గర పేరు రాయించుకోమన్న సలహా కూడా ఇచ్చి, టీ తాగి వెళ్ళమని కూర్చోబెట్టింది. టీ చల్లారేదాకా ఆ అబ్బాయి గోడ మీది ఫొటోలు చూశాడు. బ్లేజరు భుజాల మీంచి జారిపోతున్న నేను, బస్సు ముందు యూనిఫారంలో నాన్న, మా రెండు ఫొటోల మధ్యా ఇంకో దాంట్లో రెండు జడలు వేసుకుని, ఫొటో తీసేవాణ్ణి కొట్టడానికి సిద్ధంగా ఉన్న ఒక పిల్ల.

"ఆంటీ, ఈమె ఎవరు? అక్కనా?" అన్నాడు.

"మా పెద్దమ్మాయి," అంది అమ్మ, బిస్కెట్ల పళ్ళెం జరుపుతూ.

అతను నా ముఖం చూశాడు, ఫొటో చూశాడు, మళ్ళీ నా ముఖం చూశాడు. పోలిక వెతికే మర్యాదస్తుల అవస్థ నాకు అలవాటే. "కండ్లు కలుస్తయి," అన్నాడు చివరికి. కలవవు. ఆమెవి కోపిష్టి కళ్ళు, నావి నిద్ర కళ్ళు. అమ్మ మాత్రం ఎంతో సంతోషపడి ఇంకో డబ్బాలో ఆవకాయ కూడా పెట్టిచ్చింది. అబద్ధం చెప్పినందుకు మా ఇంట్లో ఆవకాయ దొరికింది అతనొక్కడికే. ఆ కుర్రాడు వెళ్ళాక నేను ఇది రాయడానికి కూర్చుంటే నాన్న తొంగి చూసి, "ఇరవై మూడేళ్ళకి జ్ఞాపకాలేందిరా? నీకేం జరిగిందని?" అన్నాడు. నాకేం జరగలేదు, నిజమే. జరిగిందంతా దుర్గకి. నేను పక్కన నిలబడి చూశాను, అప్పుడప్పుడు అడ్డం కూడా వచ్చాను.

మేం తెనాలి నుంచి ఇంగ్లండులోని ఈ హారో వచ్చేనాటికి నేను ఐదో తరగతి అయిపోయిన పిల్లవాణ్ణి. అమ్మ ఆస్పత్రిలో నర్సు. నాన్న అక్కడ నడిపింది బస్సే, ఇక్కడ నడిపిందీ బస్సే. ఇక్కడి జనం దిగేటప్పుడు డ్రైవరుకి థాంక్యూ చెబుతారని తెలిసి మొదటి వారమంతా ఇంటికొచ్చి అదే మాట. "టిక్కెట్టు కొనుక్కుని మరీ థాంక్స్ చెప్తారేందే వీళ్ళు!" మా ఇంటి వాసన ఏమిటని ఎవరైనా అడిగితే చెప్పడం కష్టం. అమ్మ చేతులకి ఎంత కడిగినా పోని ఆస్పత్రి జెల్ వాసన, గదిని వెచ్చబెట్టే రేడియేటరు మీద ఆరేసిన తడి కోట్ల వాసన, వాటి మీదుగా ఎండుమిరపకాయల తాలింపు. తాలింపు వెయ్యగానే స్మోక్ అలారం మోగేది. దాని కింద నిలబడి తువ్వాలు ఊపడం నాన్న పని. పెళ్ళినాటి ప్రమాణాల్లో అది లేదని ఆయన రోజూ గుర్తుచేసేవాడు, రోజూ ఊపేవాడు. రాత్రి భోజనానికి ముందు కుటుంబ ప్రార్థన. నేను తెలుగు బైబిలులో ఒక అధ్యాయం పైకి చదవాలి. నా తెలుగు ఈ దేశంలో చావకుండా ఉన్నది ఆ అధ్యాయాల వల్లే. కాకపోతే చాలాకాలం పాటు నేను ఉప్పు అందించమని అడిగినా ప్రవక్త హెచ్చరిస్తున్నట్టు ఉండేదని నాన్న అంటాడు.

ఆదివారం మధ్యాహ్నాలు మా తెలుగు ఫెలోషిప్. స్కౌట్ పిల్లల హాలు ఒకటి అద్దెకు తీసుకుని ఆరాధన చేసుకునేవాళ్ళం. చుట్టూ గోడల మీద తాళ్ళకు ముళ్ళు ఎలా వెయ్యాలో చూపించే బొమ్మలు, మధ్యలో మా పాటలు. దానికి సెక్రటరీ ప్రకాశం అంకుల్. బ్యాంకులో పెద్ద ఉద్యోగం, మైకు లేకపోయినా ఉన్నట్టే మాట్లాడే గొంతు, ఎవరికి ఏ కష్టమొచ్చినా కారేసుకుని ముందు చేరే మనిషి. ఆయన ఒకసారి ఇండియా వెళ్ళొచ్చి ఒక కవరు నిండా ఫొటోలు తెచ్చాడు. విజయవాడ స్టేషన్ ప్లాట్‌ఫారాల మీద, బస్టాండులో బతికిన పిల్లల్ని చేరదీసి బడికి పంపే హోమ్ ఒకటుందట. సుగుణ గారని ఒకావిడ నడుపుతుందట. ఒక్కో కుటుంబం ఒక్కో పిల్లని పదో తరగతి దాకా చదివించాలి. హాల్లో ఉన్న టేబుల్ టెన్నిస్ బల్ల మీద ఫొటోలు పరిచారు. ఆంటీలందరూ చుట్టూ మూగి, చీరల షాపులో మొదటి అరగంట ఉండే ఉత్సాహంతో ఎంచుకున్నారు. నవ్వే పిల్లలు, బుగ్గలున్న పిల్లలు ముందు అయిపోయారు.

మా అమ్మ నైట్ డ్యూటీ దిగి, కాసేపు పడుకుని, ఆలస్యంగా వచ్చింది. బల్ల మీద ఒక్క ఫొటో మిగిలింది.

"ఇదొక్కటే ఉంది సిస్టర్ రత్నం. వద్దనుకుంటే వేరే ఫొటో తెప్పిద్దాం," అన్నాడు ప్రకాశం అంకుల్ నొచ్చుకుంటూ.

అమ్మ ఫొటోని ఎక్స్‌రే చూసినట్టు వెలుతురుకి పట్టుకుని చూసింది. "కోపంగా ఉంది," అంది. "మంచిది. వార్డులో కూడా అంతే, కోపం చేసే పేషెంట్లే ఇంటికెళ్తారు."

ఆ పిల్ల పేరు దుర్గ. వయసు నాకంటే ఏడాది పెద్దని రాసుంది. అది కూడా డాక్టరు పళ్ళు చూసి చెప్పిందే. "గుర్రానికి చూసినట్టు చూశాడు," అని తర్వాత దుర్గే నాతో అంది. పేరు మీద మా హాల్లో చిన్న చర్చ నడిచింది. విమల ఆంటీ, మంచి ఉద్దేశంతోనే, ఏ రూతు అనో ఎస్తేరు అనో మార్చమని సుగుణ గారికి చెబితే బాగుంటుంది కదా అంది. అమ్మ టీ కప్పు కింద పెట్టి, "ఆ పిల్ల స్టేషన్‌కి వచ్చినప్పుడు ఒంటి మీద గౌను, నోట్లో ఆ పేరు తప్ప ఏమీ లేవంట వదినా. గౌను ఎటూ చిరిగిపోయింది. పేరు కూడా మనం తీసేసుకుందామా?" అంది. విమల ఆంటీ పాపం ఆ రోజు పులిహోర రెండోసారి వేసుకోలేదు.

ఆ మొదటి చలికాలంలో మా ఫెలోషిప్ ఒక ఘనకార్యం చేసింది. పిల్లలకి బట్టలు పంపాలని తీర్మానించి, ఆంటీలందరూ సేల్‌లో కొన్న ఉన్ని స్వెటర్లు, ఫ్లీస్ జాకెట్లు, థర్మల్ సాక్సులు పెద్ద పెద్ద పెట్టెల్లో సర్ది విజయవాడకి పంపారు. అందరూ గుంటూరు, కృష్ణా జిల్లాల్లో పుట్టి పెరిగిన వాళ్ళే. రోళ్ళు పగిలే ఎండల్లో చెప్పుల్లేకుండా బడికి వెళ్ళిన వాళ్ళే. నాలుగు చలికాలాలు హారోలో వణికేసరికి లోకమంతా వణుకుతోందని నమ్మారు. పెట్టెలు చేరేసరికి అక్కడ ఎండలు ముదిరాయి. శనివారం వీడియో కాల్‌లో అమ్మ, "స్వెటర్లు సరిపోయాయా తల్లీ?" అని అడిగింది.

"చాలా బాగున్నాయి ఆంటీ," అంది దుర్గ. "ఐసు దిమ్మ కరక్కుండా చుడుతున్నాం. ఇంతకుముందు రంపపు పొట్టులో పెట్టేవాళ్ళం. పొట్టు కన్నా మీ స్వెటరే నయం. సాయంత్రందాకా మజ్జిగ చల్లగా ఉంటంది."

అమ్మ ముఖం చూసి నాన్న లేచి వంటింట్లోకి వెళ్ళిపోయాడు. అక్కడి నుంచి చాలాసేపు దగ్గు లాంటిదేదో వినిపించింది. దుర్గ వెక్కిరించలేదు. నిజంగానే థాంక్స్ చెప్పింది. అదే ఆ పిల్ల పద్ధతి. జరిగింది జరిగినట్టు చెబుతుంది, ముఖం మారదు. జోకు వేసి నవ్వకుండా ఉండడం నేను ఇంగ్లండులో నేర్చుకున్నానని స్కూల్లో స్నేహితులు అనుకునేవాళ్ళు. నేర్చుకున్నది విజయవాడ నుంచి.

శనివారం పొద్దున మాకు, అక్కడ మధ్యాహ్నం. అమ్మ డ్యూటీల పట్టిక ఎలా ఉన్నా ఆ గంట మాత్రం ఎవరితోనో డ్యూటీ మార్చుకుని ఇంట్లో ఉండేది. ముందు అమ్మ తిండి గురించి, జ్వరాల గురించి, జడలో పేల గురించి విచారణ జరిపేది. తర్వాత నాన్న ఒకే ఒక్క ప్రశ్న అడిగేవాడు, "బాగున్నావా అమ్మాయ్?" "బాగున్నా అంకుల్." ఆయన వంతు అయిపోయేది. తర్వాత నేను. దుర్గకి నా స్కూలు గురించి ఆసక్తి లేదు. రైళ్ళ గురించి కావాలి. మా ఊళ్ళో రైలు తలుపులు వాటంతటవే మూసుకుంటాయంటే నమ్మేది కాదు. పట్టాల మీద ఆకులు రాలాయని రైళ్ళు ఆలస్యమయ్యాయని చెప్పిన రోజు మాత్రం తనకి సరిగ్గా వినపడలేదనుకుంది.

"ఆకులా?"

"ఆకులే."

"మరి మా దగ్గర పట్టాల మీద గేదెలు పడుకుంటాయి," అంది జాలిగా. "మీ రైళ్ళని ఇక్కడికి పంపకండి."

అమ్మని దుర్గ ఎప్పుడూ ఆంటీ అనే పిలిచింది. ఒకసారి సుగుణ గారు, "అమ్మా అనవే," అని పక్కనుంచి అందించింది. "అమ్మ ఉంది నాకు, ఎక్కడో," అంది దుర్గ. "మంచి ఆంటీ ఉంటే చాలు." మా అమ్మ అది విని చిన్నబుచ్చుకుంటుందేమో అనుకున్నాను. "కరెక్టే కదరా," అని వెళ్ళి పప్పు పొయ్యి మీద పెట్టింది. అలారం మోగింది. జీవితం మామూలుగా సాగింది.

అసలు గొడవ వార్షిక విందుతో వచ్చింది. ఏటా వేసవిలో ఒక ఆదివారం ఆరాధన అయ్యాక బిర్యాని భోజనం ఉండేది. తినేముందు హోమ్‌లో పిల్లల్లో ఒకరు వీడియోలో సాక్ష్యం చెప్పాలి. సాక్ష్యమంటే మా సంఘాల్లో అందరికీ తెలుసు. ఒకప్పుడు నేనెలా ఉన్నాను, దేవుడు ఎలా కాపాడాడు, ఇప్పుడెలా ఉన్నాను. గోడకి విమల ఆంటీ దుప్పటి కట్టి దాని మీద ప్రొజెక్టరు వేసేవాళ్ళు. దుప్పటి మీద గులాబీ పూలుండేవి కాబట్టి ఏ పిల్ల మాట్లాడినా ముక్కు మీద ఒక గులాబీ పూసేది. సాక్ష్యం అయ్యాక ప్రకాశం అంకుల్ ప్రార్థన చేసి, "ఎవరికి భారం కలిగిందో వాళ్ళు చెయ్యెత్తండి," అనేవాడు. భారమంటే సాయం చెయ్యాలని మనసుకి అనిపించడం. చెయ్యెత్తినవాళ్ళిచ్చే డబ్బే ఆ ఏటి చదువులు. ముక్కు మీద గులాబీ ఉన్నా ఎవరూ నవ్వేవాళ్ళు కాదు. ఏడ్చేవాళ్ళు. ఎంత ఏడిస్తే అన్ని చేతులు.

దుర్గ వంతు వచ్చింది రెండో ఏడు. ప్లాట్‌ఫారం, ఆకలి, పోలీసు లాఠీ, కన్నతల్లే వదిలేసి పోవడం, అన్నీ తడబడకుండా చెప్పింది. తల్లి వదిలేసిన చోట హాలంతా ముక్కులు చీదింది. విమల ఆంటీకి మంచినీళ్ళు తాగించాల్సి వచ్చింది. చేతులు లేచాయి. ప్రకాశం అంకుల్ కళ్ళు తుడుచుకుని, బిర్యాని వడ్డించమన్నాడు. మరుసటి శనివారం కాల్ కలిపితే దుర్గ తెర ముందు కూర్చుంది గానీ అమ్మ ఏది అడిగినా జడ రిబ్బను విప్పి మళ్ళీ కట్టుకుంటూనే ఉంది. అమ్మ వదల్లేదు. నర్సులు వదలరు. చివరికి చెప్పింది.

"మా అమ్మ నన్ను వదిలెయ్యలా ఆంటీ. నీళ్ళ కోసం దిగాను. రైలు కదిలింది. అంతే. ప్రకాశం అంకుల్ రాసిచ్చినదాంట్లో వదిలేసిందని ఉంది. అది చెప్పాను."

ప్రకాశం అంకుల్ చెడ్డవాడు కాదు. పిల్లలందరికీ ఒకటే సాక్ష్యం రాసి, పేర్లు మార్చి పంపేవాడు. అందరి కష్టమూ ఒకటే కదా అని ఆయన నమ్మకం. అమ్మ ఆ రోజు ఆయనతో ఫోన్లో ఏం మాట్లాడిందో నాకు తెలీదు, వంటింటి తలుపు వేసుకుంది. తువ్వాలు పట్టుకుని తలుపు దగ్గర నిలబడిన నాన్న మాత్రం, "ఈసారి పొగ లేకుండానే మోగిద్దిరా అలారం," అన్నాడు. బయటికి వచ్చాక అమ్మ లాప్‌టాప్ ముందు కూర్చుని దుర్గకి ఒక్క మాటే చెప్పింది. "ఇంకెప్పుడూ నువ్వు ఆ కథ చెప్పక్కర్లేదు. ఎవరడిగినా సరే."

ఇది జరిగాకే నాకు దుర్గ రైళ్ళ పిచ్చి అర్థమయింది. ఒక శనివారం, "నేను ఇంజను నడుపుతా," అంది. ఎందుకని అడిగాను. "రైలు ఎప్పుడు కదులుద్దో పెట్టెల్లో ఉన్నోళ్ళెవరికీ తెలీదు. దిగినోళ్ళకీ తెలీదు. ముందు కూర్చున్న మనిషికే తెలుసు. ఆ మనిషిని నేనవుతా," అంది. ఇంత పెద్ద మాట విన్నాక ఏదో ఒకటి అనాలి కదా. "ఇంజన్లో టాయిలెట్ ఉంటుందా?" అన్నాను. "ఉండదంట," అంది. ఇద్దరం కాసేపు ఆ సంగతి ఆలోచించాం. తర్వాత నాకు హోంవర్కు ఇచ్చింది, మీ దగ్గర ఆడవాళ్ళు నడుపుతారేమో చూసి చెప్పమని. నేను స్కూలయ్యాక హారో స్టేషన్లో ప్లాట్‌ఫారం చివర నిలబడి, వచ్చే ప్రతి రైలు ముందు అద్దంలోకి తొంగి చూసేవాణ్ణి. స్టేషన్ ఉద్యోగి ఒకాయన నా మానసిక పరిస్థితి గురించి సౌమ్యంగా వాకబు కూడా చేశాడు. చివరికి ఒకావిడ దొరికింది. నెరిసిన జుట్టు, చెవికి పెద్ద పోగులు. ఫొటో తీసుకోవచ్చా అంటే కిటికీ దించి, "నాదా? నిజంగా నాదేనా డార్లింగ్?" అని జుట్టు సర్దుకుంది. ఆ ఫొటో చూసి దుర్గ, "పోగులు బాగున్నాయి," అంది. ఆ పిల్ల నోట పొగడ్త అంటే అంతే, ఉబ్బిపోవాలి.

పదో తరగతి మంచి మార్కులతో పాసయింది. పాలిటెక్నిక్ ప్రవేశ పరీక్ష రాసి ఎలక్ట్రికల్‌లో సీటు తెచ్చుకుంది. ఇంజను డ్రైవరు కావాలంటే అది ఒక దారి. సమస్య మా దగ్గర. ఫెలోషిప్ నియమం ప్రకారం సాయం పదో తరగతి వరకే. తర్వాత ఆడపిల్లలకి హోమ్ దగ్గరే టైలరింగ్ క్లాసు. నియమం మార్చాలంటే విందులో అందరూ చేతులెత్తాలి. అమ్మానాన్నలు తామొక్కళ్ళే చదివిస్తామంటే సుగుణ గారు ఒప్పుకోలేదు. "దుర్గకి మీరున్నారు. వెనక ఇంకో పదిమంది ఆడపిల్లలు తయారవుతున్నారు. నియమం మారకపోతే వాళ్ళందరూ కుట్టు మిషను ముందేగా కూర్చునేది?" అంది. ప్రకాశం అంకుల్ మా ఇంటికొచ్చి, సోఫా అంచు మీద కూర్చుని, ఎంతో నిజాయితీగా చెప్పాడు.

"సిస్టర్, నాకూ ఆ పిల్ల చదవాలనే ఉంది. కానీ మన జనం సంగతి నాకు తెలుసు. కన్ను తడిస్తేనే చెయ్యి లేస్తది. ఒక్కసారి, ఒక్క అయిదు నిమిషాలు సాక్ష్యం చెప్పమనండి. వాళ్ళమ్మ సంగతి వద్దులెండి. లాఠీ చాలు."

అమ్మ ఆ మాటలు దుర్గకి ఉన్నవి ఉన్నట్టు చెప్పింది. "నేనయితే చెప్పమనను. నీ చదువు, నీ ఇష్టం," అంది. దుర్గ సరే ఆలోచిస్తానంది.

ఆ ఆదివారం హాలు నిండిపోయింది. బిర్యాని పాత్రలు వెనక బల్ల మీద, నాన్న గరిటె పట్టుకుని వాటి కాపలా. దుప్పటి మీద దుర్గ ముఖం వచ్చింది. నూనె పెట్టి దువ్విన జడలు, ముక్కు మీద గులాబీ. నేను లాప్‌టాప్ పక్కన కూర్చుని ఉన్నాను. ఇంట్లో అందరికంటే నాకే బాగా తెలుసు, ఆ ముఖం ఏడ్చే ముఖం కాదని.

"చెప్పమ్మా దుర్గా," అన్నాడు ప్రకాశం అంకుల్ మెత్తగా. "నువ్వు ప్లాట్‌ఫారం మీద ఉన్నప్పుడు..."

"అది ఒకసారి చెప్పాను అంకుల్," అంది దుర్గ. "ఇవాళ వేరే చెప్పాలి. నాకు పాలిటెక్నిక్‌లో సీటొచ్చింది. ఎలక్ట్రికల్. మూడేళ్ళు. తర్వాత రైల్వే పరీక్ష రాస్తాను, ఒకసారికి రాకపోతే మళ్ళీ రాస్తాను. మీరు చదివిస్తామంటే చేరతాను. కుదరదంటే అది కూడా ఇవాళే చెప్పండి, ఏమీ అనుకోను. టైలరింగ్ క్లాసు సోమవారం మొదలు."

ఇంతే. హాల్లో ఎవరికీ ఏం చెయ్యాలో తోచలేదు. చేతుల్లో రుమాళ్ళు సిద్ధంగా ఉన్నాయి, తుడవడానికి ఏమీ లేదు. వెనక ఒక చంటిపిల్ల ఏడిస్తే, ఇదేమైనా పనికొస్తుందా అన్నట్టు ప్రకాశం అంకుల్ అటు చూశాడు. విమల ఆంటీ ఉండబట్టలేక లేచి, తెర వైపు తిరిగి, "అదికాదమ్మా, అంత జరిగింది కదా నీకు, బాధ లేదా?" అంది.

"ఉంది ఆంటీ," అంది దుర్గ. "అది నాది."

నాకు జోకులు ఎప్పుడూ నాలుక చివర ఉంటాయి. ఆ పూట ప్రొజెక్టరు వైరు సర్దుతూ కూర్చున్నాను. అమ్మ లేచి నిలబడింది. ఉపన్యాసం ఇవ్వడం ఆవిడకి రాదు, పేషెంటు బంధువులకి విషయం చెప్పే గొంతుతోనే మాట్లాడింది. "ఇక్కడ మన పిల్లలున్నారు. ఒకడు కేంబ్రిడ్జ్ అంటాడు, ఒకతి మెడిసిన్ అంటుంది. ఫీజు కట్టేముందు వాళ్ళలో ఎవరినైనా మన ముందు నిలబెట్టి ఏడిపించామా? మావాడికి లెక్కలు రావు. అయినా చదివిస్తున్నాం." నేను లెక్కల పరీక్షకి ముందు రోజు నిజంగానే ఏడ్చాను, ఎవరూ అడక్కుండానే. ఆ సంగతి సభలో చెప్పడం అనవసరమనుకున్నాను.

"మరి ఎవరికి భారం..." అని ప్రకాశం అంకుల్ మొదలుపెట్టాడు, అలవాటుగా. మొదట లేచిన చెయ్యి మా నాన్నది. అన్నేళ్ళ ఫెలోషిప్‌లో ఆ మనిషి ప్రార్థన కూడా పైకి చేసింది లేదు. ఎత్తిన చేతిలో గరిటె ఉంది. గరిటెలో ఉన్న మసాలా జారి చివరి వరుసలో ఎవరిదో తెల్ల చొక్కా మీద పడింది. ఎవరో కిసుక్కున నవ్వారు. ఇంకెవరో నవ్వారు. నవ్వుతూ చేతులు లేచాయి. విమల ఆంటీ అయితే రెండూ ఎత్తింది. ఏడిస్తేనే లేస్తాయనుకున్న చేతులు అవి. ప్రకాశం అంకుల్ హాలంతా చూసి, తన చెయ్యి కూడా ఎత్తి, "నియమం మారింది. గరిటె దించు తమ్ముడూ," అన్నాడు.

"చేరుతున్నానా?" అంది దుర్గ తెర మీంచి. ఆ పూట మొదటిసారి ఆమె తెరకి మరీ దగ్గరగా వంగింది. చేరుతున్నావని చెప్పాను. "సరే, ఉంటా. కరెంటు పోయేట్టుంది," అని కాల్ కట్ చేసింది. కృతజ్ఞతా ప్రసంగం కోసం సర్దుకుని కూర్చున్నవాళ్ళు బిర్యానికి లేచారు.

తర్వాతి సంగతులు తొందరగా చెప్పొచ్చు గానీ జరిగినవి మాత్రం తొందరగా జరగలేదు. దుర్గ డిప్లొమా పూర్తిచేసింది. నేను గ్లాస్గోలో ఇంజనీరింగులో చేరి రెండో ఏడు ఒక పేపరు తప్పాను. ఆ పోలిక మా ఇంట్లో చాలాకాలం రోజూ వండిన కూర. రైల్వే పరీక్ష మొదటిసారి దుర్గకి రాలేదు. "చెప్పాగా, మళ్ళీ రాస్తానని," అంది. రెండోసారి వచ్చింది. కంటి పరీక్ష, ట్రైనింగు, పోస్టింగు అయ్యాయి. ఇప్పుడు గూడ్సు రైలు ఇంజన్లో డ్రైవరుకి అసిస్టెంట్‌గా ముందు కూర్చుంటోంది. ఆమె వెనక వచ్చిన ఆడపిల్లల్లో ఒకరు ఫార్మసీ, ఒకరు బీకామ్. టైలరింగ్ క్లాసు కూడా ఉంది, ఇష్టమైనవాళ్ళకి. శనివారాలు ఇప్పుడు గ్యారంటీ లేదు. పిలుపొస్తే బండి ఎక్కాలి. "మా అమ్మాయికి అసలు తీరిక ఉండట్లేదు," అని అమ్మ వార్డులో అందరికీ ఫిర్యాదు చేస్తుంది. లాటరీ తగిలినవాళ్ళు పన్నుల గురించి ఫిర్యాదు చేసినట్టు ఉంటుంది అది.

అప్పటికీ ఇప్పటికీ ఏం మారిందని చూస్తే, మా హాలు పెద్దగా మారలేదు. తాళ్ళ ముళ్ళ బొమ్మలు అలాగే ఉన్నాయి. ఆంటీల మోకాళ్ళు అరిగాయి, వాళ్ళ పిల్లలు తెలుగులో విని ఇంగ్లీషులో జవాబు చెప్పడంలో ఆరితేరారు. కానీ ఆ విందు తర్వాత మా ఫెలోషిప్‌లో ఏ పిల్లకీ ఎవరూ సాక్ష్యం రాసి పంపలేదు. తెర మీదికొచ్చిన పిల్ల ఏం చదువుతోందో, ఏం చదవాలనుందో చెబుతుంది. కొందరు సొంత కష్టం చెప్పుకుంటారు, అది వాళ్ళిష్టం. కొందరు జోకులేస్తారు. ఒక పిల్ల మా బిర్యాని రంగు బాగాలేదని చెప్పింది. చేతులు ఎప్పటిలాగే లేస్తున్నాయి. నా చెయ్యి కూడా, ఉద్యోగం వచ్చాక. అదేమంత గొప్ప కాదు, గరిటె లేకుండా ఎత్తడం తేలిక.

ఈ ఏటి విందుకి దుర్గని మాట్లాడించాలని ప్రకాశం అంకుల్‌కి ఎంతో కోరిక. స్వయంగా ఫోన్ చేశాడు. ఆ ఆదివారం డ్యూటీ పడింది అంకుల్, మార్చుకోడానికి కుదరదు అందట. ఆయన కాస్త చిన్నబోయినట్టే కనిపించాడు. ఆరాధన అయ్యాక ఎప్పటిలా ముందుకొచ్చి నిలబడ్డాడు. గొంతు మునుపటంత లేదు, ఇప్పుడు నిజంగానే మైకు కావాలి.

"ఇవాళ దుర్గ గారు మాట్లాడాల్సింది," అన్నాడు. ఆయన నోట ఆ పేరు చివర గారు వినడం అదే మొదటిసారి. "రాలేకపోయారు. డ్యూటీలో ఉన్నారు."

ఎవరు మొదలుపెట్టారో తెలీదు, చప్పట్లు. రాని మనిషికి, చెప్పని మాటకి, హాలంతా లేచి నిలబడి కొట్టిన చప్పట్లు. అమ్మ అరచేతులు ఎర్రబడేలా కొడుతోంది. పక్కన నాన్న ఆవిడ చెవి దగ్గరికి వంగి, "ఇదంతా ఆ పిల్లకి వినపడితే బాగుండేది కదే," అన్నాడు.

"వద్దు," అంది అమ్మ, చప్పట్లు ఆపకుండా. "సిగ్నల్ చూసుకోవాలి."